చెరువు మట్టిలో పాత గింజ: ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది?

పూడిక మట్టి మీద వీడియో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న ఎక్కువమంది అడుగుతున్నారు. "చెరువు మట్టిలో నల్లటి గింజలు కనబడుతున్నయి. ఇవి కాకతీయుల కాలం నాటి విత్తనాలా? నానబెడితే మొలకెత్తుతయా?"

ముందు సూటి జవాబు చెప్తాను. మొలకెత్తితే అది పాతది కాదు. నిజంగా పాతదైతే మొలకెత్తదు. తామర గింజ లాంటి ఒకటి రెండు తప్ప ఈ మాటకు మినహాయింపు లేనట్టే. ఎందుకు అన్నదే ఈ పాఠం. పై వీడియోలో చేసి చూపించాను, ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది కాలక్షేపం ముచ్చట కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మన రైతులు ఎన్ని ట్రాక్టర్ల పూడిక చెలకల్లో, పొలాల్లో పోసుకున్నారో మీకే తెలుసు. ఆ మట్టితో పాటు ఏ గింజలు వచ్చాయో చూసుకోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మధ్య "కాకతీయుల నాటి విత్తనం" అని పిడికెడు గింజలకు వందల రూపాయలు అడిగే వాళ్లు తయారయ్యారు. ప్రకృతి సేద్యం చేసే మనకు ఉన్న ఆస్తి నమ్మకం ఒక్కటే. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే పద్ధతి మన చేతిలో ఉండాలి.

మట్టి పొరలు ఎట్లా పేరుకుంటాయి

వాన పడ్డప్పుడల్లా మన చెలకల మట్టి, ఆకు, గడ్డి, బూడిద, పుప్పొడి కొట్టుకొచ్చి చెరువులో అడుగుకు చేరుతాయి. ఈ ఏటి పొర మీద వచ్చే ఏటి పొర పడుతుంది. కదిలించకుండా వదిలేస్తే అడుగున పాతది, పైన కొత్తది ఉంటాయి. శాస్త్రవేత్తలు ఒక గొట్టాన్ని నిటారుగా దించి ఆ పొరలు చెదరకుండా పైకి తీస్తారు. దాన్నే కోర్ అంటారు. గొట్టాన్ని నిలువునా చీల్చి, ఒక్కో సెంటీమీటరు దగ్గర చెంచాడు మట్టి తీసుకొని పరీక్ష చేస్తారు.

మనకు దగ్గర్లో దీనికి మంచి ఉదాహరణ మహారాష్ట్రలోని లోనార్ సరస్సు. ఉల్క పడి ఏర్పడిన గుంత అది. అక్కడ సుమారు 10 మీటర్ల కోర్‌లో దాదాపు 11,000 ఏళ్ల చరిత్ర దొరికింది. అంటే సగటున వెయ్యేళ్లకు మీటరు మట్టి కూడా పడలేదన్నమాట.

మనుషులు కట్టిన చెరువులో కూడా ఈ పని జరిగింది. అమెరికా పురావస్తు శాస్త్రవేత్త క్యాథ్లీన్ మారిసన్ హంపి పక్కన విజయనగర కాలం నాటి కమలాపురం చెరువు పూడికలో పుప్పొడినీ, కంటికి ఆనని బొగ్గు రేణువులనూ లెక్కపెట్టారు. దాని ఆధారంగా ఆ ప్రాంతంలో సుమారు 600 ఏళ్ల మంటల చరిత్రను 1994లో ప్రచురించారు. బొగ్గు రేణువు పెద్దదైతే మంట దగ్గర్లో లేచిందని, సన్నదైతే గాలికి దూరం నుంచి కూడా వచ్చి ఉండొచ్చని అర్థం. కొయ్యకాళ్లు తగలబెట్టినప్పుడు మసి ఎంత దూరం పోతుందో చూసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

మొదటి ప్రశ్న: ఇది ఏమిటి?

మట్టిలో మొక్క మిగిలిపోయే రూపాలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, బొగ్గైన గింజ. పొయ్యిలోనో, గాదె తగలబడినప్పుడో గాలి సరిగా ఆడక మాడిన గింజ ఇది. పూర్తిగా కాలితే బూడిద అవుతుంది, సగం మాడితే బొగ్గవుతుంది. బొగ్గును పురుగు తినదు, బూజు పట్టదు. అందుకే వేల ఏళ్లు నిలుస్తుంది. గింజలోని జీవం మాత్రం ఆ మంటలోనే పోయింది.

రెండు, పుప్పొడి. దాని పైపెంకు చాలా గట్టిది, ఆమ్లాలకు కూడా కరగదు. ల్యాబ్‌లో మట్టిని ఆమ్లాలతో కరిగించేసి మిగిలిన పుప్పొడిని 400 రెట్లు పెద్దది చేసి చూస్తారు. అయితే ఒక చిక్కుంది. గడ్డి జాతి పుప్పొడి అంతా గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఒకేలా ఉంటుంది. వరి, కొర్ర, జొన్న, గరిక అన్నీ దాదాపు ఒకటే. మొక్కజొన్న పుప్పొడి మాత్రం బాగా పెద్దది కాబట్టి తెలిసిపోతుంది. "చెరువు మట్టిలో కొర్ర పుప్పొడి దొరికింది" అని ఎవరన్నా అంటే, "గడ్డి జాతి అని ఎందుకు అనలేదు?" అని అడగండి.

మూడు, ఫైటోలిత్‌లు. గడ్డి మొక్కలు నేలలోని సిలికాను తాగి తమ కణాల్లో గాజు ముక్కల్లా పేర్చుకుంటాయి. వరి ఆకు చెయ్యి కోసేది, ఊక బూడిదలో సిలికా అంత ఉండేది ఇందుకే. మొక్క కుళ్లిపోయినా ఈ గాజు ముక్కలు మట్టిలో ఉంటాయి. వరి పొట్టులోవి రెండు కొమ్ముల ఆకారంలో ఉంటాయి. పుప్పొడి చెప్పలేని వరిని ఇవి చెప్పగలవు.

నాలుగు, ఆకు మీది మైనం. ఇది ఏ మొక్కో చెప్పదు. ఎండను, కరువును తట్టుకునే గడ్డి రకాలు ఎక్కువా, చెట్లు ఎక్కువా అన్నది మాత్రం అందులోని కార్బన్ తేడాను బట్టి చెబుతుంది. రామప్ప, లక్నవరం వైపు వాగుల నీళ్లు చివరికి గోదావరిలోనే కలుస్తాయి కదా. ఆ గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన కోర్‌లో ఈ మైనాన్ని పరీక్షించారు. కమీలో పాంటన్, లివియు జోసాన్ బృందం 2012లో ఆ ఫలితాలు ప్రచురించింది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహకంలో కరువుకు తట్టుకునే మొక్కలు పెరుగుతూ పోయాయని తేలింది. అదే కోర్ మీద 2017లో వచ్చిన ఇంకో పరిశోధన, నేల కోత కూడా ఆ కాలం నుంచే పెరిగిందని, అందులో సేద్యం పాత్ర కూడా ఉందని చెప్పింది. నేలను కప్పి ఉంచాలని, ఆచ్ఛాదన వేయాలని మనం చెప్పే మాటకు ఇంతకన్నా పాత సాక్ష్యం ఏం కావాలి!

రెండో ప్రశ్న: ఎక్కడి నుంచి వచ్చింది?

చెరువులో దొరికింది కాబట్టి ఆయకట్టులో పండింది అనుకోవద్దు. జమ్ము, తుంగ చెరువులోనే పెరుగుతాయి కాబట్టి వాటి పుప్పొడి కుప్పలుగా ఉంటుంది. వరి, పెసర తమలో తామే ఫలదీకరణ చేసుకుంటాయి, వాటి పుప్పొడి పెద్దగా దూరం పోదు. చుట్టూ వేల ఎకరాల వరి ఉన్నా చెరువు మధ్యలో దాని గుర్తు తక్కువే ఉండొచ్చు. గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చుట్టూ అడవి. అట్లాంటి చోట చెట్ల పుప్పొడి ఎక్కువ కనబడితే పంటలు లేవని కాదు, అడవి దగ్గరగా ఉందని అర్థం. పుప్పొడి లెక్క వేరు, ఎకరాల లెక్క వేరు.

మన చెరువులకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎండాకాలం ఎండిపోతాయి. తడవడం, ఎండడం, మళ్లీ తడవడం జరిగే చోట పుప్పొడి పాడవుతుంది. శిఖంలో పశువులు తొక్కుతాయి, దున్ని పుచ్చకాయలు పెడతారు. తాతల కాలం నుంచి ఎండాకాలంలో బండ్లకెత్తి మట్టి తోలుకున్నారు, ఇప్పుడు జేసీబీలు దిగుతున్నాయి. అందుకే ఊరి చెరువులో ఒక గుంత తవ్వి "ఇది ఎనిమిది వందల ఏళ్ల పొర" అని వేలితో చూపించడం కుదరదు. ఇట్లాంటి మట్టిలో నమ్మదగ్గవి బొగ్గైన గింజలు, ఫైటోలిత్‌లు.

మూడో ప్రశ్న: ఎప్పటిది?

లోతును చూసి వయసు చెప్పొద్దు. నల్లరేగడి ఎండాకాలం ఎట్లా నోరు తెరుస్తుందో మనకు తెలుసు. నిన్నటి గింజ ఆ నెర్రెల్లో పడి రెండు మూడు అడుగుల కిందికి పోతుంది. చీమలు మోస్తాయి. మనం దండం పెట్టుకునే వానపాములు కూడా మట్టిని కిందమీద చేస్తాయి. నేలకు అది మేలు, పొరల లెక్కకు మాత్రం చేటు.

అందుకే గింజకే నేరుగా వయసు కట్టాలి. బతికున్న మొక్క గాలిలోని కార్బన్-14ను తీసుకుంటుంది. చనిపోయాక అది తగ్గుతూ వస్తుంది, 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. యాక్సిలరేటర్ పద్ధతిలో ఒక్క బొగ్గు గింజ చాలు. మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ సౌకర్యం ఉంది.

ల్యాబ్ లేకుండా మనం చేయగల లెక్క ఒకటుంది. బయటి దేశాల నుంచి వచ్చిన మొక్క ఏ పొరలో ఉంటే, ఆ పొర ఆ మొక్క రాకకు ముందుది కాదు.

- మొక్కజొన్న, మిరప, బంతి: ఇవి అమెరికా ఖండం మొక్కలు. 1498లో పోర్చుగీసు వాళ్లు సముద్ర దారిన వచ్చాకే ఇక్కడికి చేరాయి. కాకతీయుల రాజ్యం 1323లోనే ముగిసింది. ఎనుమాముల మార్కెట్ నిండా మిర్చి ఉన్నా, "కాకతీయుల నాటి మిరప" అనేది ఉండదు. బతుకమ్మలో గునుగు, తంగేడు మన నేల పూలు, బంతి తర్వాత వచ్చి కలిసింది.
- సర్కారు తుమ్మ: 1870లలో కడప ప్రాంతానికి తెచ్చి నాటారు.
- వయ్యారిభామ: 1955లో పూణెలో కలుపుగా గుర్తించారు. ఆ తర్వాతే దేశమంతా పాకింది.

పూడికలో వయ్యారిభామ గింజలు ఉన్న పొరను ఎవరన్నా కాకతీయుల పొర అంటే నవ్వి ఊరుకోండి.

మొలకెత్తుతుందా?

చైనాలోని లియోనింగ్‌లో ఎండిన సరస్సు అడుగున దొరికిన తామర గింజ సుమారు 1,300 ఏళ్ల తర్వాత మొలకెత్తింది. జేన్ షెన్-మిల్లర్ బృందం 1995లో దాన్ని ప్రచురించింది. తామర గింజ తొక్క రాయి లాంటిది, నీళ్లు, గాలి లోపలికి పోవు. వరి, కొర్ర, పెసర అట్లా కాదు. బస్తాలో జాగ్రత్తగా దాచినా కొన్నేళ్లకే మొలక శాతం పడిపోవడం మనందరం చూసిందే. తడి మట్టిలో వందల ఏళ్లు బతికే ప్రశ్నే లేదు.

మరి ఆ నల్లటి గింజలు ఏంటివి? ఎక్కువసార్లు అవి మూడింట్లో ఒకటి.

మెరుస్తూ, నున్నగా, ఆవగింజకన్నా కొంచెం చిన్నగా ఉంటే గునుగు లేదా తోటకూర జాతి గింజలు. బ్లేడుతో కోస్తే లోపల తెల్లటి పిండి ఉంటుంది. ఇవి ఈ మధ్యవే, మొలుస్తాయి కూడా.

గుండ్రంగా, గట్టిగా ఉండి నీళ్లలో మునిగితే ఇనుము, మాంగనీసు గుళికలు. అవి గింజలే కావు.

కాంతి లేకుండా, తేలికగా ఉండి, తెల్ల కాగితం మీద గీస్తే నల్ల గీత పడి, విరిస్తే లోపల కూడా నల్లగా, బొరియలుగా ఉంటే అది బొగ్గైన గింజ. పాతది కావొచ్చు, పోయిన ఏడు కొయ్యకాళ్లు కాల్చినప్పటిది కూడా కావొచ్చు. ఆ తేడా కన్ను చెప్పదు, కార్బన్-14 చెబుతుంది.

దక్కన్ నేల చెప్పిన పంటలు

మన పాత పంటల గురించి గట్టి ఆధారం చెరువుల నుంచి కాకుండా, పాత ఊళ్ల మట్టి నుంచి వచ్చింది. ఇళ్లున్న చోట పొయ్యిలుంటాయి కాబట్టి బొగ్గైన గింజలు ఎక్కువ. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు బళ్లారి పక్కన సంగనకల్లు, తెక్కలకోట లాంటి చోట్ల, కర్నూలు, కడప వైపు కొత్తరాతి యుగపు స్థలాల్లో మట్టిని నీళ్లలో తేల్చి గింజలు తీశారు. 2004లో వచ్చిన వాళ్ల పరిశోధనలో మళ్లీ మళ్లీ కనిపించినవి నాలుగు: అండు కొర్ర, బట్టలకు అంటుకునే అడవి కొర్ర, ఉలవ, పెసర. నాలుగు వేల ఏళ్ల కిందటి మాట ఇది.

రాగి, జొన్న, సజ్జ మన పాత పంటలే గాని, పుట్టింది ఆఫ్రికాలో. కంది అడవి బంధువు మాత్రం మనకు పక్కనే బస్తర్, ఒడిశా అడవుల్లో ఉంది.

మాడిన గింజను గుర్తుపట్టేదెట్లా? కొర్ర, వరిగ రెండూ మాడితే ఉబ్బి గుండ్రంగా అవుతాయి. అప్పుడు మొలక ఉండే గుంటను చూడాలి. కొర్రలో అది సన్నగా, గింజ పొడవులో మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. వరిగలో వెడల్పుగా, సగం దాకానే ఉంటుంది. అండు కొర్రకు పొట్టు మిగిలి ఉంటే దాని మీద అలల్లాంటి అడ్డ ముడతలు కనిపిస్తాయి. పెసర, మినుముల్లో కాయకు అంటుకునే మచ్చను చూడండి. పెసరలో మచ్చ తొక్కకు సమంగా ఉంటుంది, మినుములో చుట్టూ గట్టులా లేచి ఉంటుంది.

ఇంటి దగ్గర చేసి చూడండి

1. పూడిక గుంత గోడను కత్తితో శుభ్రంగా గీకండి. కింది నుంచి పైకి, ఒక్కో జానెడు ఎత్తులో లీటరు మట్టి తీసి వేర్వేరు సంచుల్లో వేసి లోతు రాసుకోండి. పైనుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది దాంట్లో కలుస్తుంది.
2. నీడలో బాగా ఆరబెట్టండి. జిగట మట్టి అయితే గుప్పెడు తినే సోడా కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టండి.
3. బకెట్ నీళ్లలో వేసి చేత్తో మెల్లగా తిప్పండి. తేలినదాన్ని సన్నటి నైలాన్ గుడ్డలోకి వంచండి. నాలుగైదు సార్లు చేయండి.
4. గుడ్డ మూటగట్టి నీడలో ఆరేయండి. ఎండలో పెడితే బొగ్గు గింజలు పగులుతాయి.
5. తెల్ల పళ్లెంలో పోసి పది రెట్ల భూతద్దంతో చూడండి.

పోల్చుకోవడానికి మీ దగ్గరి కొర్ర, అండు కొర్ర, వరిగ, ఉలవ, పెసర, మినుములు కొన్ని తీసుకొని, సిల్వర్ ఫాయిల్‌లో గట్టిగా చుట్టి వేడి బూడిదలో రెండు మూడు గంటలు కప్పి పెట్టండి. నల్లబడ్డాక పేర్లు రాసి చిన్న డబ్బాల్లో దాచండి. పెద్ద ల్యాబుల్లో కూడా పోలికతోనే గుర్తిస్తారు, వాళ్ల డబ్బాలు వేలల్లో ఉంటాయి, అంతే తేడా.

మిగిలిన మట్టిని ట్రేలో రెండు వేళ్ల మందం పరిచి మూడు నాలుగు వారాలు తడుపుతూ ఉండండి. ఏం మొలుస్తుందో లెక్క రాసుకోండి. తుంగ గడ్డలు, వయ్యారిభామ ఎక్కువుంటే ఆ మట్టిని నేరుగా పొలంలో పోయొద్దు. కుప్పగా పోసి, తడిపి, మొలిచినదాన్ని పూతకు రాకముందే తీసేసి అప్పుడు తోలండి. తుంగను గడ్డతో సహా ఏరాలి. ట్రాక్టర్ కిరాయి పెట్టి కలుపు కొనుక్కోవడం ఎందుకు?

ఒక హెచ్చరిక. కట్టను, తూమును, గుడి పరిసరాలను తవ్వొద్దు. పూడికలో పాత కుండలు, బూడిద పొర, రాతి పనిముట్లు కనిపిస్తే అక్కడితో పని ఆపి, హెరిటేజ్ తెలంగాణ శాఖకు గాని తహసీల్దారు ఆఫీసులో గాని చెప్పండి. కదిలిస్తే "ఎక్కడ, ఎప్పుడు" అన్న రెండు ప్రశ్నలకూ జవాబు పోతుంది. ఆ రెండూ పోయాక మిగిలేది మాడిన గింజ మాత్రమే.

ప్యాకెట్ మీద ఏం రాయాలి?

నేను అండు కొర్రలు మర పట్టించి అమ్ముతాను. "ప్రాచీన విత్తనం" అని రాస్తే నాలుగు ప్యాకెట్లు ఎక్కువ పోతాయని సలహా ఇచ్చిన వాళ్లున్నారు. గాని ఆధారం చెప్పేది ఇంతవరకే: ఈ పంటను దక్కన్ మెట్ట నేలల్లో నాలుగు వేల ఏళ్ల కింద తిన్నారు. మన చేతిలో ఉన్న గింజ ఆ గింజ కాదు. ఆ పంట తరాలు దాటుకుంటూ, ఎవరో ఒకరు ప్రతి ఏడూ విత్తి, కోసి, కొంత దాచిపెడితే వచ్చిన సంతానం. ఒక్క వరుసగా మూడు నాలుగేళ్లు దాన్ని విత్తడం మానేస్తే ఏ చెరువు మట్టీ మనకు దాన్ని తిరిగి ఇవ్వదు.

అందుకే నా ప్యాకెట్ మీద ఇట్లా రాశాను: "అండు కొర్రలు. దక్కన్‌లో నాలుగు వేల ఏళ్ల చరిత్ర ఉన్న పంట. పోయిన వానాకాలం మా చెలకలో పండింది." రెండూ నిజాలే. కొనేవాళ్లు అడిగితే రెండింటికీ లెక్క చెప్పగలను.

మీ చెరువు మట్టిని తేల్చి చూస్తే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది. ఊరు, చెరువు పేరు, లోతు తప్పకుండా రాయండి. వచ్చే వీడియోలో మాడిన ఉలవనూ, పచ్చి ఉలవనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఉంటాను మరి, సెలవు.